ముందు వేరుపడిన వస

మా అవ్వ ముఖం కడుక్కున్న నీళ్ళతో నేను వస మొక్కను సాకినా. ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, ఆ ఏండ్లు మా ఊర్లో ఎట్లుండెనో తెలుస్తాది. రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత వచ్చిన కరువు అది. శెనిక్కాయ చేన్లు మొలిచిన కాడనే మాడిపోయినాయి. ట్యాంకరు ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. వస ఏమో ఎప్పుడూ బురదలోనే ఉండల్ల అనే జాతి. పసిపిల్లోల్లకు మాటలు బాగా రావల్లని ఎండిన వసకొమ్మును రాతి మీద అరగదీసి నాలిక్కి రాస్తారు కదా, ఆ వసే. మా పెద్దమ్మ బెంగుళూరు నుంచి తెచ్చిచ్చిన పచ్చి పిలకను ఒక పాత బకెట్లో నాటినా. "తాగేకి నీళ్ళు లేవంటే దీనికి స్నానం కావల్లనా?" అని అమ్మ రోజూ తిట్టేది. తిట్టుకుంటానే బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది.

అప్పుడు నేను డిగ్రీ చివరేడాది, బాటనీ. ఎమ్మెస్సీ చదవల్లని నా పిచ్చి. ప్రాక్టికల్స్‌లో మార్కులు తగ్గితే సీటు రాదు. "సీటొస్తే యాడికైనా పంపిస్తా పాపా. రాకపోతే మళ్ళా నన్ను అడగొద్దు" అని నాయన ముందే చెప్పేసినాడు.

ఆ ఏడే మా బాటనీ సారు బెంగుళూరులో ఏదో ట్రైనింగుకు పోయొచ్చినాడు. వచ్చిన మరుసటి రోజు క్లాసులో ఆయప్ప ముఖం చూడల్ల, పండగే! "మన పుస్తకంలో వసను చేమ, కంద పక్కన పెట్టినారు. కంకి చూసేకి అట్లే ఉంటాదని పెట్టినారు. ఇప్పుడు జన్యువులు చదివి చూస్తే అది ఆ ఇంటిదే కాదంట. విత్తనంలో ఒకే ఆకుండే మొక్కలన్నీ, వరి, జొన్న, ఉల్లి, టెంకాయ, ఆ చేమతో సహా, ఒక పక్క. వస ఒక పక్క. అన్నిటికన్నా ముందు వేరుపడింది ఇదే" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా బకెట్లో ఉండేది అంత ఘనమైనదా అని!

"అయితే వరికి ఇది అవ్వా సార్?" అని అడిగినా.

"కాదమ్మా. మీ నాయన అన్నదమ్ముల్లో ముందు పొయ్యి వేరు పెట్టుకున్నాడంటివి కదా. అంతమాత్రాన మీ చిన్నాయనలకు ఆయన తండ్రి అయితాడా? ఇదీ అంతే. తోడబుట్టిందే, ముందు వేరుపడింది."

అంత చక్కగా ఇంకెవురూ చెప్పలేరు. తర్వాత ఆయప్ప మీద ఎంత కోపమొచ్చినా ఆ మాట ఒప్పుకోల్ల.

పరీక్ష వచ్చింది. కాలేజీ తోట ఎండి కట్టెలైంది కాబట్టి తలా ఒక మొక్క ఇంటి నుంచి తెమ్మన్నాడు సారు. నన్ను వస తెమ్మన్నాడు. బకెట్ ఒళ్ళో పెట్టుకోని బస్సులో పోయినా. వేరే జిల్లా నుంచి ఎగ్జామినరు వచ్చినాడు. మా కాలేజీలో ఎగ్జామినరంటే కొత్తల్లుడే. సంగటీ, నాటుకోడి పులుసూ, అడుగడుగునా మర్యాదలు. ఆయప్ప నా మొక్కను దుంపతో సహా పెరికి, నా ముందే పెట్టి అడిగినాడు: "ఇది ఏ కుటుంబం?"

"చేమ కుటుంబం కాదు సార్. దీనిది వేరే కుటుంబం. అన్నిటికన్నా ముందు వేరుపడింది."

"ఏ పుస్తకంలో ఉంది?"

"మా సారు చెప్పినాడు సార్."

ఎగ్జామినరు వెనక్కి తిరిగినాడు. "ఏమండీ, ఇది మీరే చెప్పారా?"

సారు కొత్తల్లుడికి మజ్జిగ గ్లాసు పట్టుకోని నిలబడినాడు. నా ముఖం చూడలేదు. "లేదు సార్. యాడో చదివింటాది" అన్నాడు.

"చిన్నప్పుడు నీకు వస బాగానే పట్టించినట్టున్నారే!" అని నవ్వినాడు ఎగ్జామినరు. అందరూ నవ్వినారు. మా సారూ నవ్వినాడు.

పాసు మార్కులేసినారు. సీటు రాలేదు. నాయన ముందే చెప్పినట్టు, నేను మళ్ళా అడగలేదు. అటెండరు చెత్తలో పారేసిన దుంపను ఏరుకోని ఇంటికొచ్చి, మళ్ళా ఆ బకెట్లోనే నాటినా. బీఈడీ చేసి గోరంట్ల పక్కన ఒక బడిలో టీచరుగా చేరినా. ఎగ్జామినరు మీద నాకు కోపం లేదు, ఆయప్పకు తెలీదు, అంతే. తెలిసినోడి మీదనే నాకు మంట.

కొన్నేండ్లకు గోరంట్ల బస్టాండులో సారు ఎదురుపడినాడు. "ఏమ్మా, ఆ వస ఇంకా ఉండాదా? కొత్త పుస్తకంలో అది వేరే కుటుంబమని వేసినారు. నేను అప్పుడే చెప్పినా కదా! పిల్లోల్లకు చూపిచ్చల్ల, ఒక పిలక ఇయ్యమ్మా" అన్నాడు. సిగ్గుండల్ల కదా మనిషికి! నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, "నేనే తెస్తా సార్" అన్నా.

సోమవారం పొద్దున సెలవు పెట్టి, బకెట్ ఎత్తుకోని ఆయప్ప క్లాసులోనే నిలబడినా. వస సంగతంతా పిల్లోల్లకు చెప్పినా. నాకు చెప్పినట్టే, పొయ్యి వేరు పెట్టుకున్న మా నాయనతో సహా చెప్పినా. ఆఖర్న ఆయప్ప పక్కకు తిరిగి, ఎగ్జామినరు అడిగిన ప్రశ్నే అడిగినా. "ఏం సార్, ఇది మీరే చెప్పినారా?"

"అవునమ్మా, నేనే చెప్పినా" అన్నాడు.

ఎంత సుళువుగా అనేసినాడో! ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పిల్లోల్లు చప్పట్లు కొట్టినారు. ఆయప్ప నవ్వుకుంటా నిలబడినాడు. ఆ పొద్దు ఈ మాట అనింటే నీ సొమ్మేం పోయేదప్పా?

పిల్లోల్ల తప్పేముండాది, వసను ఆడనే వాండ్ల తొట్టిలో నాటినా. ఖాళీ బకెట్ తెచ్చుకున్నా.