గంప కింద పాఠం

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తల్లో, బీఎడ్ పాసైనవాడికి ఇంగ్లీషు మొత్తం వచ్చేసినట్టే అని మా ఊళ్లో లెక్క. నాకేమో ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే ఇంగ్లీషు మాటలంటే చెమటలు పట్టేవి. షాద్‌నగర్‌లో ఓ ప్రైవేటు బడివాళ్లు డెమో క్లాసుకు సరిగ్గా అదే పాఠం ఇచ్చారు: మార్క్, ట్రేస్, సైన్, మూడింటికీ తేడా. (మూడూ ఒకటే అని చెప్పి వచ్చేయొచ్చు, కానీ ఉద్యోగం రాదు.)

డెమోకు ముందురోజు కోస్గిలో మా పెదనాయిన చనిపోయిన మూడో రోజు. కూరలో ఉప్పెక్కువైందని పెద్దమ్మతో కొట్లాడి, అన్నం ముట్టకుండా పోయిన మనిషి, పొలం గట్టు మీదే గుండె ఆగి పోయాడు. సాయంత్రం ఆయన పడుకునే జాగాలో పిండి పలచగా పరిచి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లించారు. పోయినవాళ్లు ఇంటికొస్తే పిండిలో అడుగులు పడతాయని మా దిక్కు నమ్మకం. "ఆయన వస్తే నా మీద కోపం పోయినట్టే," అంది పెద్దమ్మ. కాపలాకు నన్ను కూచోబెట్టారు. ("ఇంగ్లీషు సదివినోనికి దయ్యాల భయం ఉండది" అని మా బాపు హామీ.)

మూడు మాటలూ గొణుక్కుంటూ కూర్చున్నాను. తెల్లవారుతుండగా గంప కింద సర్రుమని చప్పుడు. ఆగింది. మళ్లీ సర్రుమంది. పెదనాయిన ఎడమకాలు ఈడ్చి నడిచేవాడు. ఆ చప్పుడు నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. దీపం వణకలేదు గానీ నేను వణికాను. పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నాను, అదేదో తలుపైనట్టు.

పెద్దమ్మ వచ్చి గంప ఎత్తింది. పిండిలో చిన్న గుర్తులు, పక్కనే పొడుగ్గా ఒక గీత. ఎలుకా, దాని తోకా అనుకున్నాను. కానీ గంప అంచు చుట్టూ పిండి చెదరలేదు. ఎలుక ఎటు వచ్చింది, ఎటు పోయింది?

"సదువుకున్నోనివి, నువ్వు చెప్పు బిడ్డా. ఆయననేనా?"

నేను దీపం దగ్గరికి జరిపాను. ఆమె గీత వెంట వేలు పోనిచ్చి, "కాలీడ్సుకుంటనే వచ్చిండు," అని అప్పుడు ఏడ్చింది, ఆయన పోయాక మొదటిసారి. తర్వాత లేచి అన్నం కూర వండింది. ఉప్పు సరిపోయిందో లేదో నాతో రుచి చూపించింది.

ఆ పొద్దున్నే షాద్‌నగర్ బస్సెక్కాను. డెమో క్లాసులో, పిండిలో పడింది మార్క్ అని, ఎవరో వచ్చిపోయినట్టు చెప్పేది ట్రేస్ అని, పెద్దమ్మ చూసింది సైన్ అని, జరిగిందంతా చెప్పేశాను. బడి పెద్ద మేడం వెనక్కి తిరిగి తలుపు వంక ఓసారి చూసి, ఉద్యోగం ఇచ్చింది.

ఇప్పటికీ ఏటా ఆ పాఠం చెబుతాను. మూడు మాటలకూ తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను, ఆ గీత ఎవరిదో మాత్రం చెప్పలేను. పుస్తకం చాటున వణికిన ఆ బీఎడ్ పిలగాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే, గది వదిలే ముందు బల్ల మీద పడ్డ చాక్‌పీసు పొడి శుభ్రంగా తుడిచి వస్తాను.