ఓడకు రాసిన కేసు షీటు

మొన్న మా చెల్లెలి కూతురు నన్ను విశాఖ తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున నిలబెట్టి, దూరాన బూడిదరంగులో కదులుతున్నదాన్ని చూపించి అది డిస్ట్రాయర్, యుద్ధనౌక పెద్దమ్మా అంటే, దానికి బాయిలర్లెన్ని, రోజుకెంత బొగ్గు తింటుందని అడిగేశాను. జీవితమంతా ఇంజక్షన్లు పొడిచిన నర్సుకి బాయిలర్ల గొడవేమిటని పిల్ల నోరెళ్ళబెట్టింది, ఇప్పుడు బొగ్గు ఓడలెక్కడివని నవ్వింది కూడా. దానికి చెప్పలేదు గాని, ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆ ఆగస్టులో కువైట్లో ఉన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటారని ఇది చెప్పుకుంటున్నాను.

అప్పుడు నేను అబూ హలీఫాలో ఒక క్లినిక్కులో నర్సుని. మా గదికి రెండంతస్తుల పైన డెబ్బైకి దగ్గరపడిన ఒక ఇంగ్లీషాయన ఒంటరిగా ఉండేవాడు, చక్కెర జబ్బు మనిషి, రోజూ పొద్దున్నే ఇన్సులిన్ ఇచ్చి వచ్చేదాన్ని. బ్రిటిషువాళ్ళు మొదట్లో కట్టిన డిస్ట్రాయర్లలో ఒకదానిలో ఆయన తండ్రి బొగ్గు ఎగదోసేవాడట. ఆ ఓడ చరిత్ర కోసం ఈయన సగం జీవితం కాగితాలు పోగుచేశాడు. పోనీ అదేమన్నా గొప్ప ఓడా అంటే, ఒక్క పెద్ద యుద్ధంలోనూ లేదు. ఒకసారి పొగమంచులో ఇంకో ఓడని గుద్దుకుంది, ఒకసారి బాయిలర్ గొట్టం పగిలి మనుషుల ఒళ్ళు కాలాయి, మొదటి ప్రపంచ యుద్ధమంతా చేపల పడవలకి కాపలా కాసింది, చివరికి పాత ఇనుము కింద అమ్ముడుపోయింది. ఆయనకి అదే రామాయణం. సూది జబ్బలో ఉండగా కూడా నేనొక తేదీ తప్పు చెబితే కసురుకునేవాడు.

సైన్యం బ్రిటిషువాళ్ళని ఏరి పట్టుకుపోవడం మొదలయ్యాక ఆయన గడప దాటలేదు. రొట్టె మేమే పట్టుకెళ్ళేవాళ్ళం. ఆయన దిగులంతా ఆ కాగితాల కట్ట మీదే. యుద్ధనౌక బొమ్మలు, ఫిరంగుల లెక్కలు సైనికుల కంటబడితే గూఢచారి అని అక్కడే కాల్చేస్తారు. తగలబెడదామని అగ్గిపుల్ల గీసి, చెయ్యాడక ఆర్పేశాడు. మా క్లినిక్కు కేసు షీట్లున్నాయి, మీరు చదవండి, ఓడ అన్నచోటల్లా రోగి అని పెట్టి నేను రాస్తాను, నర్సు సంచిలో రోగి కాగితాలుంటే ఎవరడుగుతారన్నాను.

నాలుగు పొద్దుటిపూటలు రాశాం. ఓడ నీళ్ళలో దిగిన రోజు ఆస్పత్రిలో చేరిన రోజయింది, బాయిలర్ పగలడం తీవ్ర జ్వరం, గుద్దుకోవడం పక్కటెముక విరగడం, రేవులో మరమ్మతు ఆపరేషన్, బొగ్గు ఆహారం. సంవత్సరాలని ఫైలు నంబర్లలో దాచాం. చుట్టూ తుపాకులు మోగుతుంటే ఇద్దరం నవ్వుకున్నాం కూడా. నా గదిలో ఉండే నర్సాపురం అక్క మాత్రం, "నీకు మతిగాని పోయిందేంటే? మనం బతికి బయటపడితే చాలని నేనేడుస్తుంటే, ఎప్పుడో చచ్చిన ఓడకి వైద్యం చేస్తన్నావా?" అని తిట్టింది. రాయడం అయ్యాక అసలు కాగితాలు వంటింటి తొట్టిలో నేనే కాల్చాను, ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ వారమే ఆయన్ని తీసుకుపోయారు. బస్సెక్కుతూ నావైపు చూడలేదు, చూస్తే నామీదికి వస్తుందని. ఎంత ఏడ్చానో.

తర్వాత మేమూ ఇరాక్ మీదుగా ఇల్లు చేరదామని బస్రా దారి పట్టాం. సరిహద్దు దగ్గర ఒక అధికారి నా సంచి తెరిచి, షీట్లు తీసి వేలు పెట్టి వరస తప్పకుండా చదవడం మొదలెట్టాడు. నా చీరంతా చెమట. "ఇంత జ్వరమా! బతికాడా?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. పోయాడు సార్ అన్నాను. దేవుడు కరుణించుగాక అని అరబ్బీలో గొణిగి, షీట్లు సర్ది సంచిలో పెట్టాడు.

అమ్మాన్ మీదుగా బొంబాయి, అక్కణ్ణించి ఇల్లు. ఆయన నాచేత బట్టీ పట్టించిన తన చెల్లెలి ఇంగ్లండు చిరునామాకి షీట్లు పోస్టులో పంపాను. క్రిస్మస్ ముందర ఆయన్ని వదిలిపెట్టారట, కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. మూడు తప్పులు పట్టాడు మహానుభావుడు. రెండు తేదీలు. మూడోది, ఓడని ఇనుముకి విరగ్గొట్టిన సంగతి రాసిన చోట, చనిపోయిన ప్రతి రోగికీ రాసే అలవాటు కొద్దీ, కింద "బంధువులకు తెలియజేయడమైనది" అని రాసేశానట. రాసినట్టు నాకు గుర్తే లేదు. ఓడ పోయిందని మా నాన్నకి ఎవరూ తెలియజెయ్యలేదు, ఏడాది తర్వాత సారాకొట్లో ఎవరో అనుకుంటుంటే విని, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు, ఈ ఒక్క తప్పూ నేను దిద్దను అని రాశాడు.

ఆయనా పోయి చాలా కాలమైంది. ఇప్పుడెవరు పోయినా క్షణంలో ఫోన్లోకి వచ్చేస్తుంది, మనమూ చేతులు జోడించిన బొమ్మొకటి పంపేసి పక్క కబురులోకి వెళ్ళిపోతాం. ఓడ పోయిందని ఒక బొగ్గు కూలీ ఇంటికెళ్ళి చెప్పాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లోనూ లేరు. చెప్పి ఉంటే బాగుండేదని జీవితాంతం బాధపడే కొడుకులు మాత్రం ఉండేవారు.