కట్ట మీద మిరప

ఆళ్లగడ్డ దగ్గర మా పొలంలో పల్లపు మూల వానాకాలమొస్తే పైరు మురిగిపోయేది. అక్కడ చేపల కుంట తవ్వుదామన్నది నేనే. తవ్విన మట్టితో చుట్టూ వెడల్పాటి కట్ట వేయించాను. కట్ట మీద కూరలు పెంచాలి, ముదిరిన ఆకు చేపలకు వేయాలి, కుంట అడుగు బురద ఎత్తి మళ్లీ మొక్కలకే పోయాలి. నా ఆలోచన అంతే. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

మా మామ చిన్నప్పటి నుంచీ పత్తి, మిరప పండించిన మనిషి. జానెడు నేల ఖాళీగా కనిపిస్తే ఆయన చేయి ఊరుకోదు. నేను పాణ్యంలో పుట్టింటికి వెళ్లొచ్చేసరికి కట్ట పొడవునా మిరప నారు నాటేశాడు. కొత్త మట్టి కదా, ఏపుగా లేచింది. చూస్తే నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

పూత దశలో ఆకు ముడుచుకుంది. పొద్దున్నే మామ పురుగుమందు ట్యాంకు వీపుకు తగిలించుకుని వచ్చాడు.

"ఈడ కొడితే మందు నీళ్లల్లోకి దిగుతాది మామా. ఒక్క చేప మిగలదు," అన్నాను.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? చేపల కోసరం పైరును చంపుకుంటామా?"

నేను వంగి మొదటి చెట్టు పీకాను. తర్వాత పక్కది. ఆయన ట్యాంకు దించకుండా అట్లే నిలబడి చూశాడు. పూతకొచ్చిన చెట్లు పీకడం నాకూ ఇష్టం లేదు. అయినా ఆఖరి చెట్టు దాకా ఆగలేదు.

ఆ రోజు నుంచి మామ కుంట వైపు రావడం మానేశాడు. నేను వడ్డిస్తే తలెత్తకుండా తినేవాడు. ఆ మౌనం బాధపెట్టింది గానీ, చేసింది తప్పని ఒక్కసారీ అనిపించలేదు. కట్టంతా గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, తీగ పరిచాను, మధ్యలో అరటి పెట్టాను. వానలకు కట్ట జారకుండా తీగే పట్టుకుంది. ఆకు విసిరితే గడ్డిచేపలు ఎగబడి తినేవి.

చేపలు పట్టే రోజు నందికొట్కూరు నుంచి వలవాళ్లు వచ్చారు. వల ఒడ్డుకు లాగుతుంటే నీళ్లు ఉడికినట్లు ఎగిరాయి. ఎప్పుడు వచ్చాడో, మామ కట్ట మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చేపను రెండు చేతులా ఎత్తి బరువు చూసి, మెల్లగా బుట్టలో వేశాడు.

పొలంలో ఏం వేయాలో ఆయన జీవితంలో ఎవర్నీ అడిగి ఎరగడు, కన్న కొడుకునైనా సరే.

"ఈసారి కట్ట మింద ఏం పెడదామ్మా?" అన్నాడు.

జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. అయినా ముందు వెళ్లి ఆయన పక్కన కట్ట మీద కూర్చున్నాను.