మా ఊరి పిల్లోల్ల రక్తం

కృపాకుమారి శింగనమల దగ్గరి పల్లెలో కూలీల ఇంట పుట్టింది. తమ్ముడు మాటిమాటికీ జ్వరాలతో పడి, చివరికి ఒక జ్వరంలోనే పోయాడు. ఎందుకు పోయాడో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ కసితోనే అనంతపురంలో పరిశోధనకు చేరింది.

మన రక్తంలో ఒక ప్రొటీన్ ఉంటుంది. క్రిముల ఒంటిమీది చక్కెరను గుర్తుపట్టి వాటిని పట్టుకుంటుంది. అది తక్కువైన పిల్లలకు జ్వరాలు ఎక్కువేమో తేల్చాలని కృప పట్టుదల. దానికి యాంటీబాడీ కావాలి. రక్తంలో ఆ ప్రొటీన్ ఉంటే యాంటీబాడీ దానికి అతుక్కుంటుంది, రక్తం వేసిన ప్లాస్టిక్ పలక గుంతల్లో నీలం రంగు తేలుతుంది. అది వచ్చేది చిటికెన వేలంత సీసాలో. చల్లగా ఉంచకపోతే చచ్చినట్టే.

పాత సీసా అయిపోయాక వచ్చిన కొత్త సీసాతో తన ఊరి పిల్లల రక్తం పరీక్షించింది. ఒక్క గుంతలోనూ రంగు రాలేదు. అనుమానమొచ్చి తన రక్తమూ వేసింది. పాత సీసాతో ముదురు నీలం తిరిగిన రక్తం ఇప్పుడు నీళ్లలా తెల్లగా ఉండిపోయింది.

అటెండరు కుళ్ళాయప్పను నిలదీసింది.

"నాతో చెప్పించొద్దమ్మా," అని గొణిగి, చివరికి చెప్పాడు. "ఆ సీసా పార్సిల్ వచ్చిన పొద్దు రాజేంద్ర సార్ దాన్ని రూములో పెట్టి తాళమేసుకొని ధర్మవరం పెండ్లికి పోయినాడు. వచ్చి చూస్తే ఐసంతా నీళ్లయింది. గమ్మున తీసి ఫ్రిజ్‌లో పెట్టినాడు."

నడి ఏప్రిల్. మూసిన గది. కృపకు ఒళ్లు మండిపోయింది.

పోయి అడిగితే, ఆమె పరిశోధనకు గైడైన రాజేంద్ర తల కూడా ఎత్తలేదు. "ఆ పిల్లోల్లకు ప్రొటీన్ లేదని రాసెయ్యమ్మా. కరువు సీమ, తిండి లేనోల్లు. ఎవురైనా నమ్ముతారు."

"ఏమి సార్, మా ఊరి పిల్లోల్ల రక్తంలో లోపం ఉండాదని రాయల్లా? లోపం మీరేసిన తాళంలో ఉండాది!" గొంతు వరండా దాకా వినబడింది. "నేను రాయను. నా పేరుతో ఇంగొకరు రాసినా ఊరుకోను."

నేరుగా విభాగాధిపతి పద్మజ గదికి వెళ్లి, కుళ్ళాయప్ప పేరెత్తకుండా అంతా చెప్పింది. పద్మజ ఇంకో సీసా తెప్పిస్తానంది గానీ రాజేంద్రను ఒక్క మాటా అనలేదు. "పెద్దాయన, పోనీలే," అంది. ఆ మాట కృపను ఆ తాళంకంటే ఎక్కువ మండించింది.

పల్లెకు పోయి తల్లులకు ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లలో మారెక్క చేతిలోని చేటను నేలకేసి కొట్టింది. "మా బిడ్డ ఏడ్సి ఏడ్సి ఇచ్చిన నెత్తురు ఉత్తపుణ్యానికి పారబోసినారా?"

"కొంచెం దాచిపెట్టినా, అక్కా. మల్లా సూది గుచ్చను."

"తప్పు చేసినోడు యాడుండాడు? వాన్ని పిల్చుకురా ఈడికి!"



పద్మజ తెప్పించిన సీసా వచ్చిన రోజు కొరియర్ ఆఫీసు ముందు తనే కాచుకుని కూర్చుంది. దాచిన రక్తం పరీక్షిస్తే పలకలో చాలా గుంతలు నీలం తిరిగాయి. మారెక్క కొడుకు గుంత మాత్రం వెలవెలబోయింది. ఈసారి అది నిజమైన లోపమే. పిల్లాణ్ని తనే పెద్దాసుపత్రి డాక్టరుకు చూపించింది.

పరిశోధన వ్యాసం అచ్చయినప్పుడు రాజేంద్ర పేరు తన పేరుకంటే ముందుంది. అది చూసి ఆమె పళ్లు నూరింది.