పడింది నేను, జవాబు చెప్పింది మా అబ్బాయి

ఈ రోజు మంగళవారం. కోపం చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

వృద్ధుల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్నామంటూ పొద్దున ఒక అమ్మాయి మహదేవపురలోని మా ఇంటికి వచ్చింది. నా ఎదురుగానే కూర్చుని, ప్రశ్నలన్నీ మా అబ్బాయిని అడిగింది.

"సార్, అవ్వ ఈ మధ్య ఎప్పుడైనా పడినారా?"

"లేదమ్మా. మా అమ్మ గట్టిగా ఉండాది."

"పోయిన నెల బాత్రూంలో పడితే నన్ను లేపింది ఎవరప్పా?" అన్నాను.

"ఊరికే ఉండమ్మా. మేము నిన్ను చూసుకోలేదనుకుంటారు" అని వాడు నా చెవిలో గొణిగాడు.

ఆ అమ్మాయి జాలిగా నవ్వింది. "అవ్వకి జ్ఞాపకం కొంచెం తక్కువా సార్?"

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని నేను. మా వాడు తల దించుకున్నాడే గానీ, కాదనలేదు. నేను పడలేదనీ, నాకు మతిమరుపు ఉందనీ రాసుకుని ఆమె వెళ్ళిపోయింది. ఇలాంటి జవాబులతో ముసలివాళ్ళు ఎందుకు పడుతున్నారో ఏం కనిపెడతారు?

ఇక జరగవలసినవి:

1. ఆ అమ్మాయి మళ్ళీ రావాలి. నన్నే అడగాలి.
2. నేను పడ్డానని మా వాడు తన నోటితో ఆమెకు చెప్పాలి.
3. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ ఆదివారంలోగా బిగించాలి. పడలేదని చెప్పినంత కాలం దాన్ని ఎవరూ బిగించరు.
4. మీ ఇంట్లో పెద్దవాళ్ళ బదులు జవాబులు ఎవరు చెబుతున్నారో కింద రాయండి. పెద్దవాళ్ళనే రాయనివ్వండి.