ఇస్త్రీ అక్క నీలం తలుపు

మా పక్క వీధి మలుపులో ఉండే ఇస్త్రీ అక్కకు నోరు ఊరుకోదు. బొగ్గుల పెట్టె అటూ ఇటూ తోస్తూ, "మాస్టారూ, రిటైరయ్యాక కూడా చొక్కాకి సుద్దముక్క వాసన పోలేదేంటి?" అని నలుగురిలో నా పరువు తీసేది.

భర్త పోయి ఏళ్లు గడిచినా తలుపుకి గడియ పెట్టేది కాదు. ఆయన ఇంటికి రాగానే వేలి ఉంగరంతో తట్టేవాడట. తట్టీ తట్టీ ఆ నీలం తలుపు మీద చిన్న గుంట పడింది.

"ఇప్పటికీ తడతాడు మాస్టారూ. చెబితే నవ్వుతారు."

నవ్వాను కూడా.

రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వీధిని కూల్చేస్తారన్నారు. అప్పుడు దిగింది ఒక కళాకారిణి. పొట్టి జుట్టు, ప్యాంటు నిండా జేబులు, మనసు మాత్రం వెన్న. అందరి తలుపులూ ఊడదీసి నగరంలోని పెద్ద హాల్లో నిలబెడతానంది. వాటి మధ్య నడిచాక ఏ అధికారికి సంతకం పెట్టడానికి చెయ్యొస్తుంది అంది.

"మరి మా ఆయన ఎక్కడ తడతాడే పిల్లా?"

"ఇల్లే పోతే ఎక్కడ తడతాడు పిన్నీ?"

అక్క తలుపు ఇచ్చేసి గుమ్మానికి దుప్పటి కట్టుకుంది. వీధి వీధంతా అదే పని చేసింది.

ప్రదర్శనకి జనం విరగబడ్డారు. మంత్రిగారైతే నీలం తలుపు ముందు కళ్లు తుడుచుకుని ఫొటో దిగారు. ఆ వెంటనే కొలతలవాళ్లు వీధిలోకి వచ్చారు. తలుపు లేని ఇల్లు వాళ్ల లెక్కలో ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంటికి గడువు అక్కర్లేదు.

"ఖాళీ ఏంటయ్యా! నేను మనిషిలా కనబడట్లేదా? దెయ్యాన్నా?" దుప్పటి తోసుకుని బయటికొచ్చి అరిచింది అక్క.

"తలుపుంటేనే కాపురం ఉన్నట్టమ్మా. మా రూలు అంతే," అన్నాడు టేపు చుట్టుకుంటూ కొలతలాయన.

యంత్రం వచ్చింది. సాయంత్రానికి వీధి నేలమట్టం.

కళాకారిణి అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. పాపం, నిజంగానే ఏడ్చింది. తలుపులు మాత్రం హాలువాళ్లే ఉంచేసుకున్నారు, శాశ్వతంగా.

ఒకరోజు అక్కని అక్కడికి తీసుకెళ్లాను. తలుపు చుట్టూ తాడు, ముట్టుకోకూడదని బోర్డు. అక్క తాడు కింద నుంచి దూరి తలుపు వెనక్కి వెళ్లింది.

"బయటికి రా అక్కా, తిడతారు!"

"ఉష్! మాట్లాడకండి మాస్టారూ."

నేను తలుపుకి ఎదురుగానే ఉన్నాను. దాని ముందు ఎవరూ లేరు. సరిగ్గా ఆ గుంట దగ్గరే, టక్ టక్ మంది.

"ఎవరండీ ముట్టుకుంది?" అంటూ కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

తలుపు వెనక నుంచి అక్క గొంతు నెమ్మదిగా వినిపించింది.

"గడియ వేసి లేదు, రావయ్యా. ఇల్లేదీ అని మాత్రం అడక్కు."