బీడీలవ్వ చుట్టిన బ్యాండేజీ

నర్సింగ్ చదువుతున్న నాకు ఇయ్యాల ఒక్కరోజుకు కామారెడ్డిల ఇండ్లు లేనోళ్లు ఉండే షెల్టర్ల డ్యూటీ పడ్డది. పొద్దుగాల ఉతికి ఆరేసిన బ్యాండేజీలు చుడుతున్న. ఎంత చుట్టినా వదులైపోతున్నయ్.

పక్క మంచం మీది లింగంపేట అవ్వ చానాసేపు చూసి, ఇగ ఓపిక పట్టలేక నా చేతులకెళ్లి గుంజుకున్నది.

"గిట్ల చుడితే కార్ఖానోడు బీడీలన్నీ ఏరి పారేస్తడు బిడ్డా!"

జిందగంత బీడీలు చేసిన వేళ్లు. చూస్తుండంగనే బ్యాండేజీలన్నీ గట్టిగ, ఒక్క తీరుగ చుట్టేసింది.

గప్పుడే మాకు డ్యూటీలు వేసే మేడం వచ్చి, "శెభాష్! మొత్తానికి నేర్చుకున్నవ్" అన్నది. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకున్నది.

"యాడ నేర్చుకున్నది? రేపు గూడ తోలియ్యమ్మా, నేర్పిస్త."

మేడం పడీపడీ నవ్వింది. అట్ల రేపటి నా డ్యూటీ మేడం కాదు, అవ్వనే వేసింది. మీకు గీ అవ్వ లెక్క మేడం దొరికిందా?